ఏడు నెలల కిందటి సెర్చ్‌కు లెక్క అడిగితే ఏం చేయాలి?

అమ్మా, ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెబుతాను. మీరు వరంగల్‌లో జనరల్ మెడిసిన్ పీజీ రెండో సంవత్సరంలో ఉన్నారు. ఓపీ పాయిజనింగ్, అంటే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల విషం, కేసుల్లో ప్రాలిడాక్సిమ్, అంటే వార్డులో మీరంతా ‘పామ్’ అనే మందు, ప్రాణం నిలుపుతుందా లేదా అని, దాని మీద వచ్చిన ట్రయల్స్ అన్నీ వెతికి తేల్చే సిస్టమాటిక్ రివ్యూ రాశారు. మెథడ్స్‌లో ‘పబ్‌మెడ్, మెడ్‌లైన్, కోక్రేన్, గూగుల్ స్కాలర్‌లలో తగిన కీవర్డ్స్‌తో వెతికాం’ అని ఒక్క వాక్యం పెట్టారు. పూర్తి సెర్చ్ ఇవ్వండి, ఏ తేదీన చేశారో చెప్పండి, ఎన్ని పేపర్లు దొరికాయి, ఎన్ని తీసేశారు, ఎన్ని మిగిలాయి అని చూపే ఫ్లో డయాగ్రామ్‌లో అంకెలు కలవడం లేదు అని జర్నల్ రివ్యూయర్ రాశారు. సెర్చ్ చేసి ఏడు నెలలైంది. అప్పుడేం టైప్ చేశారో గుర్తు లేదు. గుర్తున్నంత వరకు రాసి పంపొచ్చా, అసలు ఇదంతా అంత అవసరమా అని అడుగుతున్నారు.

గుర్తున్నంత వరకు రాసి పంపకండి. మళ్లీ వెతకండి. టెన్షన్ పడేంత పెద్ద పని కాదు, ఓ వారం పడుతుంది. నేను హన్మకొండలో ఒక మెడికల్ కాలేజీ లైబ్రరీలో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీలాంటి పీజీల సెర్చ్‌లు చాలా చూశాను. మీరున్న చోటే ఒకప్పుడు నేనూ ఉన్నాను. ఒక టీమ్ కోసం నేనే సెర్చ్ చేసి, వచ్చిన రికార్డుల సంఖ్యలు చిత్తు కాగితం మీద రాసిచ్చాను గానీ టైప్ చేసిన లైన్లు దాచలేదు. చాలా నెలల తర్వాత రివ్యూయర్ అడిగారు. కూర్చుని గుర్తు చేసుకుని ఒక సెర్చ్ అల్లాం. దాన్ని పెట్టి చూస్తే పాత సంఖ్య రాలేదు, దగ్గర్లోకి కూడా రాలేదు. పేపరు వెనక్కి వచ్చింది. ఆ పీజీ ఏడాది కష్టం నా అజాగ్రత్త వల్ల పోయింది, అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

అవసరమా అన్నారు కదా. మీ టాపిక్‌లోనే చూడండి. 2006లో మహారాష్ట్రలోని బారామతి నుంచి వచ్చిన ట్రయల్‌లో 200 మంది పేషెంట్లు. పామ్‌ను ఎక్కువ డోసులో ఆగకుండా ఇన్‌ఫ్యూజన్‌గా ఇస్తే మరణాలు బాగా తగ్గాయని అందులో తేలింది. 2009లో శ్రీలంక నుంచి 235 మందితో మరో ట్రయల్ వచ్చింది. అందులో పామ్ ఇచ్చినవాళ్లకు మేలు కనబడలేదు, సరిగదా మరణాలు వాళ్లలోనే కాస్త ఎక్కువగా ఉన్నాయి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి మీ సెర్చ్‌కు అందకపోయినా మీ రివ్యూ చివర రాసే మాట తిరగబడొచ్చు. ఆ మాట చదివే డ్యూటీ డాక్టరు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనో, ములుగులోనో, భూపాలపల్లిలోనో రాత్రి రెండు గంటలకు ఒక పత్తి రైతు బెడ్ దగ్గర నిలబడి ఉంటాడు. వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందుల విషంతో చేరినవాళ్లు 8,040 మంది అని 2005లో ఒక పేపరు లెక్క చెప్పింది. మన జిల్లాలో ఇది పుస్తకాల ప్రశ్న కాదమ్మా.

సరిగా వెతక్కపోతే ప్రాణం పోయిన సందర్భం కూడా ఉంది. 2001లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ఆస్తమా మీద ఒక పరిశోధన జరిగింది. ఏ జబ్బూ లేని 24 ఏళ్ల వాలంటీరు చేత హెక్సామెథోనియం పీల్పించారు. ఊపిరితిత్తులు దెబ్బతిని ఆమె చనిపోయింది. ఆ మందు ఊపిరితిత్తులకు హాని చేయగలదని 1950ల నాటి పేపర్లలోనే ఉంది. పరిశోధకుడు ప్రధానంగా పబ్‌మెడ్‌లో వెతికారు, అప్పట్లో అది 1966 దాకే వెనక్కి వెళ్లేది. ‘లిటరేచర్ వెతికాం, ప్రమాదమేమీ కనబడలేదు’ అనే వాక్యంలో ఎక్కడ, ఏ సంవత్సరం నుంచి అన్న రెండు ముక్కలు ఉండి ఉంటే, 1966కు ముందు సంగతేమిటి అని ఎవరో ఒకరు అడిగేవారేమో. సెర్చ్‌ను విప్పి రాయడం వల్ల లాభం ఇదే. మీరు చూడని చోటు అవతలివాళ్లకు కనబడుతుంది.

మన పహాణీ గుర్తు చేసుకోండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు ఏదీ లేకుండా ‘ఊరి చివర కొంత చెలక’ అని రాస్తే ఏ ఆఫీసులోనూ ఒప్పుకోరు. ‘తగిన కీవర్డ్స్‌తో వెతికాం’ అన్నదీ అలాంటిదే. దాన్ని పట్టుకుని ఆ పొలం గట్టు మీదికి ఎవరూ వెళ్లలేరు.

ఇక మీ వాక్యం దగ్గరికి వస్తాను. పబ్‌మెడ్, మెడ్‌లైన్ అని రెండు పేర్లు రాశారు. రెండు చోట్ల వేర్వేరుగా వెతికారా? చాలామంది పబ్‌మెడ్‌లో ఒక్కసారి వెతికి రెండు పేర్లూ రాస్తారు. మెడ్‌లైన్ అంటే వైద్య పేపర్ల వివరాలుండే డేటాబేసు. దాన్ని పబ్‌మెడ్ ద్వారా చూడొచ్చు, ఓవిడ్ లాంటి వేరే ప్లాట్‌ఫామ్ ద్వారానూ చూడొచ్చు. పబ్‌మెడ్‌లో మెడ్‌లైన్‌తో పాటు అందులో చేరని రికార్డులు కూడా ఉంటాయి. ఓవిడ్‌లో సెర్చ్ రాసే పద్ధతే వేరు. కాబట్టి ఎక్కడ చూశారో, దేని ద్వారా చూశారో రెండూ రాయాలి. కోక్రేన్ విషయమూ అంతే. కోక్రేన్ లైబ్రరీలో రివ్యూలు ఒకచోట, ట్రయల్స్ జాబితా అయిన సెంట్రల్ మరోచోట ఉంటాయి. మీకు కావలసింది సెంట్రల్. అందులోనే వెతికితే ఆ పేరే రాయండి. గూగుల్ స్కాలర్ ఎన్ని లక్షల ఫలితాలు ఉన్నాయని చెప్పినా మొదటి వెయ్యికి మించి చూపించదు. అందుకే అక్కడ ఏం టైప్ చేశారు, ఏ తేదీన, మొదటి ఎన్ని ఫలితాలు చూశారు అన్నది తప్పకుండా ఉండాలి. ‘మొదటి 200 చూశాం’ అని రాయడంలో తప్పేమీ లేదు.

ఒక మాట గట్టిగా చెబుతాను. ఎంబేస్ అనే ఇంకో డేటాబేసు మీ కాలేజీలో లేకపోతే ‘అందుబాటులో లేదు, చూడలేదు’ అని లిమిటేషన్స్‌లో రాయండి. చూడకుండానే పేరు చేర్చడం నేను చాలాసార్లు చూశాను. గైడ్ చేర్చమన్నారని ఒకరు, పాత రివ్యూలో ఉంది కదా అని మరొకరు. అది పేషెంటును చూడకుండా కేస్ షీట్‌లో బీపీ రాయడమే. ఎంబేస్ ఉన్న కాలేజీలో మీ స్నేహితులెవరైనా ఉంటే అక్కడికి వెళ్లి ఒక పూట కూర్చుని వెతకండి, ఇంకా మంచిది.

ఇప్పుడు సెర్చ్ లైన్లు. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. మన సబ్జెక్టుకే ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఆర్గానోఫాస్ఫేట్ అని కొందరు, ఆర్గానోఫాస్ఫరస్ అని కొందరు రాస్తారు. రెండో మాటనే ఇంగ్లిష్‌లో చివరి ‘యూఎస్’ ముందు ఒక ‘ఓ’ అక్షరం చేర్చి తప్పు స్పెల్లింగుతో రాసిన పేపర్లు ముఖ్యంగా మన దేశపు జర్నల్స్‌లో చాలా కనిపిస్తాయి. ‘ఆర్గానో’ తర్వాత హైఫన్ పెట్టేవాళ్లూ ఉన్నారు. అందువల్ల ‘ఫాస్ఫ్’ దాకా రాసి నక్షత్రం గుర్తు పెట్టండి, ఆ తర్వాత ఏ అక్షరాలున్నా వస్తాయి; హైఫన్ ఉన్న రూపాన్ని విడిగా ఇంకో మాటగా చేర్చండి. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, క్వినాల్‌ఫాస్, డైమిథోయేట్ లాంటి మందుల పేర్లు కూడా కావాలి. కొన్ని పేపర్లలో ఆ పేరొక్కటే ఉంటుంది. పైన 8,040 మంది లెక్క చెప్పిన పేపరునే తీసుకోండి. దాని టైటిల్‌లో ‘పెస్టిసైడ్ పాయిజనింగ్ ఇన్ సౌత్ ఇండియా’ అని ఉంది గానీ ఆర్గానోఫాస్ఫేట్ అన్న మాట లేదు. అది ట్రయల్ కాదు కాబట్టి మీ రివ్యూలోకి రాదు, నిజమే. కానీ అలాంటి టైటిలే ఉన్న ట్రయల్ ఒకటి ఎక్కడో ఉంటే, ఆర్గానోఫాస్ఫేట్ అని టైటిల్స్‌లో మాత్రమే వెతికిన సెర్చ్‌కు అది చిక్కదు. మందు వైపు కూడా ప్రాలిడాక్సిమ్, పామ్, ఆబిడాక్సిమ్, ఆక్సిమ్స్ అన్నీ రావాలి.

పబ్‌మెడ్‌లో తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. మీరు మామూలుగా ఒక మాట టైప్ చేస్తే పబ్‌మెడ్ తనంతట తానే దానికి మెష్ పదాలు, అంటే పేపర్లకు విషయాన్ని బట్టి మెడ్‌లైన్ తగిలించే పదాలు, వేరే రూపాలు కలిపి వెతుకుతుంది. కొటేషన్ గుర్తులో, నక్షత్రమో పెడితే ఆ కలపడం ఆగిపోతుంది. కాబట్టి మీరు టైప్ చేసింది ఒకటి, పబ్‌మెడ్ వెతికింది ఇంకొకటి అయ్యే అవకాశం ఉంది. అడ్వాన్స్‌డ్ పేజీలో హిస్టరీ కింద ప్రతి సెర్చ్‌కూ ‘డీటెయిల్స్’ అని బాణం గుర్తు ఉంటుంది. నొక్కితే అసలు ఏం వెతికిందో పూర్తిగా కనబడుతుంది. దాన్ని యథాతథంగా కాపీ చేసి అనుబంధంలో పెట్టండి. మీ చేత్తో మళ్లీ టైప్ చేయకండి. చేత్తో టైప్ చేస్తే ఒక బ్రాకెట్ జారిపోతుంది, ‘అండ్’ ఉన్న చోట ‘ఆర్’ పడుతుంది, సంఖ్య వందల నుంచి లక్షల్లోకి వెళ్లిపోతుంది. అచ్చయిన రివ్యూల అనుబంధాల్లో కూడా ఇలాంటివి చూశాను.

ఫిల్టర్ల గురించి మీరు ఏమీ రాయలేదు. ఎడమ పక్కన ‘ఫ్రీ ఫుల్ టెక్స్ట్’ అన్న బాక్స్‌లో టిక్ పెట్టారా? నిజం చెప్పండి, చాలామంది పీజీలు పెడతారు. కాలేజీలో సబ్‌స్క్రిప్షన్ లేదు, డబ్బు కట్టి చదవలేం, కాబట్టి ఉచితంగా దొరికేవే చూద్దాం అనుకుంటారు. మీ కష్టం నాకు తెలుసు. కానీ పేషెంటుకు మేలు చేసే మందేదో తేల్చేటప్పుడు ఏ పేపరు ఉచితమన్నది కొలత కాకూడదు. ఆ టిక్ తీసేయండి. దొరకని పేపర్లకు రచయితకు మెయిల్ రాయండి, చాలామంది పంపుతారు. పంపకపోతే ‘ఫుల్ టెక్స్ట్ దొరకలేదు’ అని ఆ సంఖ్యను ఫ్లో డయాగ్రామ్‌లో చూపించండి, దానికి అక్కడ గడి ఉంది. ‘హ్యూమన్స్’ ఫిల్టర్ కూడా జాగ్రత్త. అది మెష్ పదాల మీద ఆధారపడుతుంది, ఇంకా ఇండెక్స్ కాని కొత్త పేపర్లు దానికి అందవు. ఇంగ్లిష్‌లో ఉన్నవే చూసి ఉంటే ఆ సంగతి రాయండి. ట్రయల్స్ కోసం ఎవరో తయారుచేసిన ఫిల్టర్ వాడితే అది ఎవరిదో రాయండి.

మీ పాత సెర్చ్ ఆనవాళ్లు ఏమైనా దొరుకుతాయేమో చూడండి. పబ్‌మెడ్‌లో హిస్టరీ ఎనిమిది గంటలు కదలిక లేకపోతే పోతుంది. అకౌంట్‌లో లాగిన్ అయి ఉంటే రీసెంట్ యాక్టివిటీలో ఆరు నెలలు ఉంటుంది. మీది ఏడో నెల కాబట్టి అదీ పోయి ఉంటుంది. అయినా లాప్‌టాప్‌లో డౌన్‌లోడ్స్ వెతకండి. ఎగుమతి చేసుకున్న ఫైల్ ఉంటే దాని మీద తేదీ ఉంటుంది, తెరిచి చూస్తే ఎన్ని రికార్డులో తెలుస్తుంది. పేపర్లు వడకట్టే రయాన్ అనే సైట్‌లో అప్‌లోడ్ చేసి ఉంటే అక్కడా జాడ ఉంటుంది. ఇవి మీ పాత సంఖ్యలకు సాక్ష్యం. సెర్చ్ లైన్లు మాత్రం తిరిగి రావు.

అందుకే కొత్తగా ఒక సెర్చ్ రాసి, అన్ని డేటాబేసుల్లో వీలైతే ఒకే రోజు నడపండి. ప్రచురణకు ముందు 12 నెలల లోపు, కుదిరితే 6 నెలల లోపు వెతికి ఉండాలని కోక్రేన్ హ్యాండ్‌బుక్ కూడా చెబుతుంది. మీ పేపరు ఇంకా రివిజన్‌లోనే ఉంది, ఎలాగూ అప్‌డేట్ చేయాల్సి వచ్చేది. కొత్త ఫలితాలను పాతవాటితో కలిపి డూప్లికేట్లు తీసేస్తే మీరు ఇదివరకు చూడనివి మిగులుతాయి. వాటినే స్క్రీన్ చేయండి, అంటే ఉంచాలా తీసేయాలా అని ఇద్దరు విడివిడిగా చూడండి. తర్వాత వెనక్కి తిరిగి ఒక పరీక్ష చేయండి. మీరు రివ్యూలో చేర్చిన ప్రతి స్టడీ ఈ కొత్త సెర్చ్‌లో వచ్చిందా? రాకపోతే సెర్చ్‌లో ఏ మాట తక్కువైందో తెలుస్తుంది. చేర్చి మళ్లీ నడపండి. అప్పటికీ రాని పేపరు ఏదైనా రెఫరెన్సులు చూస్తూ దొరికిందైతే, అలాగే దొరికిందని రాయండి. దాన్ని పబ్‌మెడ్ ఖాతాలో వేయొద్దు.

అంకెలు కలవడం లేదన్న దానికి వస్తే, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన రైతు తక్‌పట్టీ చూసినట్టు చూడాలి. ఎన్ని బస్తాలు దిగాయి, ఎన్ని కాంటా అయ్యాయి, తరుగు ఎంత పోయింది, చేతికి ఎంత వచ్చింది, ఎక్కడా ఒక్క బస్తా గాలిలో పోకూడదు. ఉత్తుత్తి అంకెలతో చెబుతాను. పబ్‌మెడ్ 412, ఎంబేస్ 638, సెంట్రల్ 97, మొత్తం 1,147. డూప్లికేట్లు 331 పోతే 816. టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ చూసి 771 తీసేస్తే 45. వాటిలో 3 పేపర్లు దొరకలేదు, 42 పూర్తిగా చదివారు. 35 తీసేశారు, ఒక్కోదానికి కారణం చెప్పారు. మిగిలినవి 7. మీ డయాగ్రామ్‌లో మొత్తం దగ్గర డూప్లికేట్లు తీసేశాక వచ్చిన సంఖ్య పెట్టి, కింద మళ్లీ డూప్లికేట్లు తీసేసి ఉంటారని నా అనుమానం. రివ్యూయర్‌కు ఎక్కువగా దొరికే తప్పు అదే. డూప్లికేట్లు దేనితో తీశారో, రెఫరెన్సులు దాచే జొటెరో సాఫ్ట్‌వేరా, రయానా, చేత్తోనా, అదీ రాయండి. ఒకే ట్రయల్ రెండు పేపర్లుగా వచ్చి ఉంటే స్టడీలు ఎన్ని, రిపోర్టులు ఎన్ని అన్నది విడిగా చూపించాలి.

మన దేశపు ట్రయల్స్ మాట మరిచిపోవద్దు. మన దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ సీటీఆర్ఐ 2007 జులై 20న మొదలైంది, 2009 జూన్ 15 నుంచి ట్రయల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. పామ్ మీద మొదలై అచ్చుకాని ట్రయల్ ఏదైనా ఉంటే అక్కడ కనబడుతుంది. అక్కడ పొడవాటి సెర్చ్ లైన్లు పనికిరావు, ఒక్కో మాటతో విడివిడిగా వెతికి ఏ మాటకు ఎన్ని వచ్చాయో రాసుకోండి. పీజీ థీసిస్‌ల సంగతీ అంతే. ఓపీ పాయిజనింగ్ మీద మన దగ్గర థీసిస్‌లకు కొదవ లేదు, అన్నీ జర్నల్స్‌కు రావు. థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ సైట్‌లో చూడండి, కాళోజీ హెల్త్ యూనివర్సిటీలో అడగండి. ఎవరిని, ఏ తేదీన, ఏ దారిలో అడిగారో, జవాబు వచ్చిందో లేదో ఒక లైను చాలు. జవాబు రాకపోయినా రాయాలి.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం ఎలా అంటే, చెక్‌లిస్ట్ ఉంది. సిస్టమాటిక్ రివ్యూలో ఏమేం రాయాలో చెప్పే ప్రిస్మా 2020లో 27 అంశాలు ఉన్నాయి, వాటిలో 6, 7 సెర్చ్‌కు సంబంధించినవి. అవి క్లుప్తంగా ఉంటాయని 2021లో సెర్చ్ కోసమే ప్రిస్మా-ఎస్ అని 16 అంశాలతో విడిగా తెచ్చారు. ప్రింట్ తీసుకుని పక్కన పెట్టుకోండి. పైన నేను చెప్పినవి చాలావరకు అందులో ఉన్నాయి. సెర్చ్‌ను ఇంకొకరి చేత చూపించి ఉంటే ఆ సంగతి రాయమని కూడా ఉంది. అదెలా చూడాలో చెప్పే ప్రెస్ అనే గైడ్‌లైన్ వేరే ఉంది. రివ్యూను మొదట్లోనే ప్రాస్పెరో అనే రివ్యూల రిజిస్ట్రీలో రిజిస్టర్ చేసి ఉంటే అక్కడ ఏ డేటాబేసులు రాశారో చూడండి. తేడా ఉంటే ఎందుకు మారిందో పేపర్లో చెప్పండి.

రివ్యూయర్‌కు జవాబు దాచకుండా రాయండి. ‘మొదటిసారి చేసిన సెర్చ్ లైన్లను మేము భద్రపరచలేదు. అందువల్ల సెర్చ్‌ను కొత్తగా రూపొందించి, ఫలానా తేదీన అన్ని డేటాబేసుల్లో మళ్లీ నడిపాం. కొత్తగా ఇన్ని రికార్డులు వచ్చాయి, వాటిలో ఇన్ని చేర్చాం, ఫలితం మారింది లేదా మారలేదు. పూర్తి సెర్చ్‌లు అనుబంధంలో ఉన్నాయి.’ ఇంతే. ఇలా రాసినందుకు ఏ రివ్యూయరూ కోప్పడడం నేను చూడలేదు. ఫలితం మారితే గైడ్‌కు ముందే చెప్పండి, కన్‌క్లూజన్ తిరిగి రాయాల్సి వస్తుంది.

నడిపే ముందు పబ్‌మెడ్ లైన్లు నాకు పంపండి, ఒక సాయంత్రం కూర్చుని చూసిపెడతాను. హైఫన్ ఉన్న రూపం, ఆ తప్పు స్పెల్లింగు రెండూ పడ్డాయో లేదో మాత్రం పంపే ముందు మీరే ఒకసారి చూసుకోండి.